కెటిలు వీపు

బిష్కెక్‌లో బత్మా రోజూ ఎక్కే ఏడున్నర వ్యానులో డ్రైవరు ఒకటే మాట అనేవాడు: "బత్మా అక్కా, ఎవరికైనా ఐలనాయిన్ చెప్పాలనిపిస్తే దిగాక చెప్పు. లోపల చోటు లేదు."

ఐలనాయిన్ అంటే 'నీ చుట్టూ తిరుగుతాను, నీ బాధ నాకు రానీ' అని. పెద్దవాళ్లు పిల్లల్ని ముద్దుగా అనే మాట. అందరూ అని ఊరుకుంటారు. బత్మా అంటే మాత్రం పాదాలు జానెడు పైకి లేచి, ఆ మనిషి చుట్టూ నిజంగానే ఒక చుట్టు తిరిగి దిగేది. పిల్లాడి దగ్గు ఆగేది, ఆ పూటకి ఈవిడ దగ్గేది. ఇరుగుపొరుగుకి అదేం వింత కాదు. పొయ్యి వెలుగుతుంటే "తలగుడ్డ జాగ్రత్త" అనేవారు, అంతే.

కూతురు అక్మోర్‌కి పంతొమ్మిదేళ్లు. గీసిన బొమ్మల్ని కదిలించడం నేర్పే బడిలో ఫీజు లేని సీటు వచ్చింది. బత్మా నేల తుడిచేది ఆ బడిలోనే. ఆ పిల్ల తన బల్ల మీద 'తుడిచే చేతులదే ప్రపంచం' అని ఎర్రసిరాతో రాసి అంటించుకుంది. సిమెంటు వ్యాపారి కొడుకు ఆర్సెన్‌ని "నీ కప్పు కడిగే మనిషి పేరు చెప్పు చూద్దాం!" అని నిలదీసింది. మీ అమ్మ ఏం చేస్తుందని తోటివాళ్లడిగితే మాత్రం, మందుల షాపులో పని అంది.

మొదటి పాఠం ఇది: ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి, అది తన చుట్టూ తాను పూర్తిగా తిరిగేలా పన్నెండు కాగితాల మీద గీయాలి. అక్మోర్ పింగాణీ టీ కెటిలు తెచ్చింది. నీలం మీద తెల్ల పత్తిపూలు. వెనకవైపు పగులు, దానికి నాలుగు ఇనప కుట్లు. ఆ వైపుని గోడకేసి పెట్టింది.

శుక్రవారం పెన్సిలు చెక్కుతుంటే అక్మోర్ వేలు తెగింది. నేల తుడుస్తున్న బత్మా రక్తం చూసి ఒళ్లు మరిచింది. "ఐలనాయిన్!" పాదాలు లేచాయి. సగం చుట్టు తిరిగేసరికి ఆర్సెన్ ఇకిలించాడు.

"ఏం కామ్రేడ్, మీ అమ్మగారా?"

అక్మోర్ తల అడ్డంగా ఊపింది. "ఎవరో, నాకేం తెలుసు."

బత్మా సగంలోనే కిందికి దిగిపోయింది. బకెట్టు అందుకుని, "నాకు అందరి పిల్లలూ ఒకటే బాబూ. కాళ్లెత్తు, తడి" అంది.

అప్పుడే వచ్చిన ముసలి మాస్టారు తెమిర్‌కుల్, అక్మోర్ కాగితాల్ని బొటనవేలితో జరజరా వదిలాడు. బొమ్మలో కెటిలు పగులు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చేసింది.

"ఇది తిరగడం లేదమ్మాయ్. తెలీదు, తెలీదు అని తల ఊపుతోంది. కెటిలుకి వీపు లేదా? సోమవారానికి పూర్తిగా తిరగకపోతే ఈ సీటు ఇంకొకరిది."

ఆగిపోయిన ఆ సగం చుట్టు బత్మా మోకాల్లో ఇరుక్కుంది. ఆదివారానికి మోకాలు గుమ్మడికాయంత వాచింది. కూర్చునే రొట్టె తుంచి కూతురి ముందు పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బత్మా కెటిలు తిప్పి, కుట్లు కూతురి వైపు పెట్టింది. "ఈ పక్క గీయడం మరిచిపోయినట్టున్నావే."

"మరిచిపోలేదమ్మా."

"తెలుసులే. టీ చల్లారుతోంది, తాగు."

అక్మోర్ లేచింది. "ఐలనాయిన్, అమ్మా."

"ఛీ! పెద్దవాళ్లని ఆ మాట అంటారా! నోరు కడుక్కో!"

అప్పటికే అక్మోర్ పాదాలు జానెడు లేచాయి. మొహం సిగ్గుతో కాలిపోతుండగా తల్లి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఇన్నేళ్లూ ఎదురుగా నిలబడి అది కావాలి, ఇది కావాలి అనడమే గానీ అమ్మ వీపు ఎన్నడూ చూడలేదు. చెమట ఆరిన ఉప్పుచారలు. బకెట్టు మోసే వైపుకి ఒరిగిపోయిన నడుం. భుజం మీద చొక్కా చిరిగిన చోట నాలుగు కుట్లు.

కిందికి దిగగానే అక్మోర్ కుడిమోకాలు భగ్గుమంది. బత్మా చటుక్కున లేచి నిలబడింది.

"పిచ్చిదానా, తిరిగి నాకిచ్చెయ్."

"ఇవ్వను. నాది కూర్చుని చేసే పని."

సోమవారం కాగితాల మీద కెటిలు పూర్తిగా తిరిగింది. పూలు వెళ్లాయి, కుట్లు వచ్చాయి, మళ్లీ పూలు వచ్చాయి. మాస్టారు మూడుసార్లు చూసి, ఈ సీటు నీదే అన్నట్టు సుద్దముక్కతో బల్ల మీద అక్మోర్ పేరు రాశాడు.

"కాలికేమైంది కామ్రేడ్, కుంటుతున్నావ్?" ఆర్సెన్ అడిగాడు.

అక్మోర్ చెవుల దాకా ఎర్రబడింది.

"ఈ నొప్పి మా అమ్మది. కాళ్లెత్తు, తుడవడానికి ఆవిడే వస్తోంది."