కాల్‌బాయ్ రాలేని దీవి

నాకు కోపం ఎక్కువని బిట్రగుంట రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్లు ఇంజను డ్రైవరుతో కాపురం చేసి ఇంకా శాంతంగా ఉన్న ఆడమనిషి ఎవరైనా ఉంటే చూపించండి, ఆమెకు దండం పెడతాను.

మా ఆయన తిమోతి మంచివాడే. తాగడు, తిట్టడు, అబద్ధం ఆడడు. ఆ మూడోదానితో వేగడం మరీ కష్టం, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఆయనతో చిక్కల్లా ఒకటే, ఇంట్లో ఉండడు. డ్యూటీ దిగి వచ్చి, ఒంటికంటిన బొగ్గంతా కడుక్కుని, పీట మీద కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, వీధిలో సైకిలు బెల్లు మోగుతుంది. కాల్‌బాయ్ హజరత్తయ్య! పేరుకే బాయ్, వయసు యాభై అయిదు, మీసాలు మొత్తం తెల్లబడ్డాయి. ఫలానా డ్రైవరు ఫలానా బండికి రావాలని ఇంజన్ల షెడ్డు నుంచి కబురు తెచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకుపోవడం ఆయన ఉద్యోగం. పగలూ లేదు, రాత్రీ లేదు, క్రిస్మసూ లేదు. మా పెద్దది పుట్టిన రోజు నేను నొప్పులు పడుతుంటే, మంత్రసాని కంటే ముందు ఆయనే వచ్చాడు.

పోనీ ప్రయాణంలోనైనా సుఖముందా? పాసు మీద ఎప్పుడు మద్రాసు పోయినా నేను రైలు పెట్టెలో, ఆయన ముందు ఇంజనులో. "మనోడే తోలతా ఉండాడు పుష్పా, ఒక్క చూపు చూసొస్తా" అని గూడూరులో దిగేవాడు. మళ్లీ మద్రాసు సెంట్రల్లోనే, మొహం నల్లగా చేసుకుని కనపడేవాడు. పెళ్లయినప్పటి నుంచి నా పక్కన కూర్చుని ఒక్క ప్రయాణం చేసిన పాపాన పోలేదు. నాకు బంగారం వద్దు, పట్టుచీర వద్దు. నాలుగు రోజులు ఈ మనిషి నా పక్కన కూర్చోవాలి, ఎవరూ వచ్చి పిలవకూడదు. అంతకు మించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆయనకూ ఒక కోరిక ఉంది. జనరల్ మేనేజరు గారు లైను తనిఖీకి వచ్చే స్పెషల్ రైలును ఒక్కసారి తోలాలి. జీయం స్పెషల్ అంటారు దాన్ని. దానికోసం తెల్లటి ప్యాంటూ కోటూ కుట్టించి ఎనిమిదేళ్లయింది. ట్రంకుపెట్టెలో నాఫ్తలీను ఉండల మధ్య పడుకున్నాయవి. నెలకోసారి తీసి ఇస్త్రీ చేసి మళ్లీ పెడతాను. వేసుకున్నది మాత్రం లేదు.

అది 1961 ఎండాకాలం. ఒక ఆదివారం మా పాస్టరు యెహోషువ గారు పత్మాసు దీవి గురించి ప్రసంగం చేశారు. గ్రీసు దేశపు సముద్రంలో ఉందట. రోమా రాజు యోహాను భక్తుణ్ణి తీసుకుపోయి అక్కడ పడేశాడట. "చుట్టూ నీళ్లు, రాకపోకలు లేవు, పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. ఎంత శ్రమపడ్డాడో తలుచుకోండి" అని పాస్టరు గారు గొంతు గద్గదం చేసుకున్నారు. ఆడవాళ్లందరూ కొంగులు కళ్లకు అద్దుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చుట్టూ నీళ్లు! పట్టాల్లేవు! హజరత్తయ్య సైకిలు రాదు!

చర్చి మెట్లు దిగుతూనే చెప్పేశాను. "ఈ తడవ సెలవు పెట్టండి. మనం పత్మాసు పోతా ఉండాం."

"అట్టాగే. పాసుండాది గదా" అన్నాడు మా ఆయన. ప్రపంచంలో పాసు చెల్లని చోటు ఒకటుంటుందని రైల్వేవాళ్లకు తోచదు.

ఆ వారమంతా మా వరండా కంట్రోలు ఆఫీసయిపోయింది. పక్క క్వార్టరు గార్డు జకరయ్య మిషన్ స్కూలు నుంచి అట్లాసు తెచ్చి, దారం పెట్టి కొలిచాడు. "బొంబాయి దాకా పాసు అక్కా. ఆడి నుంచి ఓడ. ఏడెన్ రేవులో ఆగి నీళ్లూ బొగ్గూ పట్టుకుంటాది" అన్నాడు.

"ఓడకి సిగ్నల్ ఎవురిస్తారబ్బా?" అని మా ఆయన బెంగపెట్టుకున్నాడు.

నా బెంగ వేరు. గ్రీకుల దేశంలో చింతపండు దొరుకుతుందో లేదో అని రెండు వీశెలు ఉండలు చేసి ఎండబెట్టాను. మాగాయ జాడీకి గుడ్డ కట్టాను. సున్నుండలు చేస్తే ఊరంతా వాసన చూసి వచ్చి రుచి చూసి పోయారు. దాంతో ప్రయాణానికి మిగిలినవి ఆరు.

మా ఆయన పాసు ఫారం మీద "బిట్రగుంట నుంచి పత్మాసు, వయా బొంబాయి" అని రాసి ఇచ్చాడు. పాసుల గుమాస్తా నవ్వీ నవ్వీ పొలమారి నీళ్లు తాగాడట. పట్టాలున్నంత దూరమే పాసు, సముద్రానికి లేదు, పైగా సెలవు ఆరు రోజులే అని చెప్పి పంపించాడు. ఓడ టిక్కెట్టు కొనాలంటే మమ్మల్ని మేము అమ్ముకోవాలి. నా పత్మాసు అక్కడితో మునిగిపోయింది. ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. రెండు రోజులు ఆయనకు అన్నం వడ్డించాను గానీ మాట వడ్డించలేదు.

మూడో రోజు ఆయనే గొంతు సవరించుకున్నాడు. "తడ స్టేషను దాటేటప్పుడు ఇంజన్లో నుంచి రోజూ చూస్తా ఉంటా పుష్పా. తూర్పున పులికాట్ నీళ్లలో ఒక దీవి ఉండాది. ఇరకం అంటారు. దానికీ చుట్టూ నీళ్లే."

నాకు ఆశ పుట్టింది. "ఆడ మనకెవురుండారు?" అన్నాను.

"మా చెల్లెలు ఆదిశేషమ్మని ఆ దీవిలోనే గదమ్మా ఇచ్చినాం" అని గుమ్మంలో నుంచి సమాధానం వచ్చింది. ఎవరనుకున్నారు? సంతకం కోసం నిలబడ్డ హజరత్తయ్య! "మా బావ పడవ నడపతాడు. రెండు గుడిసెలుండాయి, ఒకటి మీకిస్తారు. ఉత్తరం రాయిస్తాలే."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టే గదా! అయినా గత్యంతరం లేదు. "పుస్తకం పట్టుకుని ఆ దీవి మీద కాలు పెట్టనని ఒట్టేస్తేనే" అన్నాను. అమ్మతోడు అని ఒట్టేశాడు పాపం.

సెలవు ఫారంలో ఒక గడి ఉంటుంది, సెలవులో ఉండే చిరునామా అని. "పత్మాసు దీవి అని రాయండి. ఎవుడొస్తాడో నేనూ చూస్తా" అన్నాను.

మా ఆయన కలం పక్కన పెట్టేశాడు. "రికార్డులో అబద్ధం రాసేదానికి నాకు చెయ్యి రాదు పుష్పా."

"పెళ్లాం కోసం ఒక్క మాట రాయలేరా?"

"ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు రాత లేదు నాకు."

చూశారా, అబద్ధమాడని మొగుడితో ఎంత కష్టమో! నేనెంత అరిచినా వినలేదు. ఇరకం దీవి, ఆదిశేషమ్మ గారి ఇల్లు, వయా తడ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. పెట్టె సర్దేటప్పుడు ఆ తెల్లబట్టల వంక కాసేపు చూశాడు. "ఏం, జీయం గారు పడవలో వస్తారా?" అన్నాను. నవ్వి పెట్టె మూశాడు.

బుధవారం బండెక్కాం. గూడూరు దాకా నా పక్కనే ఉన్నాడు. నాకు లోపల్లోపల పండగ. గూడూరులో నీళ్లు తెస్తానని కూజా పట్టుకుని దిగాడు. తడలో నేను సామాను దింపుకుంటుంటే ఇంజను వైపు నుంచి వచ్చాడు, చేతిలో కూజా, మొహమంతా మసి.  కూజా లాక్కుని ఎద్దుబండి ఎక్కాను.

రేవులో పడవెక్కి ఇరకం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇసక, తాటిచెట్లు, ఎండేసిన వలలు. ఆదిశేషమ్మ అన్న కంటే గలగలా మాట్లాడే మనిషి. "మా ఇంట్లో కారం ఎక్కువ, కోపగించుకోబాకండి" అంటూ రొయ్యల కూర పెట్టింది. నా కంటే కారం ఎక్కువున్నది ఒకటి దొరికిందని మా ఆయన తెగ సంతోషపడ్డాడు.

తిన్నాక నీళ్ల ఒడ్డున వేపచెట్టు కింద దుంగ మీద కూర్చున్నాం. ఇదిగో, దీనికోసమే వచ్చానని నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే పడమటి గట్టున పొగ లేచింది, సన్నగా కూత వినిపించింది. ఆయన గడియారం తీశాడు. "పాసింజరు. పదకొండు నిమిషాలు లేటు." గంటకు ఇంకో పొగ. "గూడ్సు. ఆ కూత చూడు, ఎవురో కొత్తోడు." మనిషి పక్కనే ఉన్నాడు, ప్రాణం తడ స్టేషన్లో ఉంది! మర్నాడూ ఇదే భాగవతం. "ఇంకొక్కసారి ఆ గడియారం తీస్తే పులికాట్లో పారేస్తా" అన్నాను.

ఆయన గడియారం జేబులో వేసుకున్నాడు. తల వంచుకుని ఇసకలో గీతలు గీస్తూ అన్నాడు. "నీకొకటి చెప్పలేదు. బిట్రగుంట గేటు కాడ పొడుగు కూత వేస్తా గదా. దాని వెనకాలే ఒక పొట్టి కూత వేస్తా."

"దానికేం?"

"పొడుగుది గేటుకి. పొట్టిది నీకి. వస్తా ఉండానని."

ఇరవై రెండేళ్లుగా ఆ పొట్టి కూత వింటూనే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. అది నాకని తెలియదు. ఇట్లా పక్కన కూర్చుంటేనే గదా ఇట్లాంటి మాటలు బయటికొచ్చేది! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇసక పడిందని చెప్పాను. ఆ తర్వాత మాటలే మాటలు. పొగ లేచిందో లేదో కూడా మేమిద్దరం చూడలేదు.

శనివారం మధ్యాహ్నం పడవొచ్చింది. అందులో తెల్లమీసాలు కనపడ్డాయి. 

"ఒట్టేశావు గదయ్యా! అమ్మతోడు అన్నావు గదా!" అని మోకాలి లోతు నీళ్లలోకి దిగి పడవకు అడ్డం నిలబడ్డాను. హజరత్తయ్య తడవకుండా చుట్టిన తువ్వాలు విప్పి, పుస్తకాన్ని చంటిబిడ్డలా పట్టుకున్నాడు.

"అరవబాకమ్మా. నేను దీవి మీద కాలు పెట్టలా, పడవలోనే ఉండా. ఇది వట్టి పిలుపైతే నా తల తెగినా వచ్చేవాణ్ణి కాదు. ఇది అదృష్టం. సోమవారం జీయం స్పెషల్. తోలాల్సినాయనకి జొరం. షెడ్డు ఫోర్మన్ గారు తిమోతి పేరు చెప్పినారు. సెలవులో ఉండాడు గాబట్టి బలవంతం లేదు, అడిగి రమ్మన్నారు. రాకపోతే తర్వాతాయనకి పోతాది."

మా ఆయన దుంగ మీద నుంచి లేచాడు. చెయ్యి దానంతటదే జేబులోని గడియారం మీదికి పోయింది. ఆ మొహం చూశాను. ఎనిమిదేళ్లు ఇస్త్రీ చేసిన దాన్ని నేను, ఆ బట్టల్లో ఎంత ఆశ మడత పెట్టి ఉందో నాకు తెలియదా? వింతేమిటంటే నాకు కోపం రాలేదు. నీరసం వచ్చింది.

"పోండి" అన్నాను. "ఇంట్లో ట్రంకుపెట్టెలో పైనే ఉండాయి తెల్లబట్టలు. కోటుకి రెండో బొత్తాం వదులుగా ఉండాది, చూసుకోండి."

ఆయన గడియారం మీది నుంచి చెయ్యి తీశాడు. తర్వాత నీళ్లలోకి వచ్చి పుస్తకం అందుకున్నాడు. చెవి మీది పెన్సిలు హజరత్తయ్యే ఇచ్చాడు. ఎప్పుడూ ఒక్క గీతలో అయిపోయే సంతకం ఈసారి ఎంతకీ అవలేదు.

హజరత్తయ్య పుస్తకం తిప్పి తిప్పి చూశాడు. "నాకు సంతకాలే గానీ చదువు రాదు. ఏందమ్మా ఇంత పొడుగు రాసినాడు?"

చదివాను. గుండ్రటి తెలుగు అక్షరాలు. "డ్రైవరు తిమోతి పత్మాసు దీవిలో భార్య పక్కన ఉన్నాడు. రాలేడు."

ఇంకోసారి చదివాను. అప్పుడు నోట్లో నుంచి వచ్చిన మాట ఇది. "రికార్డులో అబద్ధం రాసినారే!"

"అబద్ధం యాడుంది? చుట్టూ చూడు, నీళ్లే గదా" అన్నాడు.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. హజరత్తయ్య తల గోక్కున్నాడు. "అది సరే డ్రైవరయ్యా, పత్మాసు ఏ లైన్లో ఉండాదని ఫోర్మన్ గారు అడిగితే ఏం చెప్పేది?"

పడమటి గట్టున పొగ లేచింది. కూత కూడా వినిపించింది. మా ఆయన గడియారం తియ్యలేదు.

"ఏ లైన్లోనూ లేదని చెప్పన్నా" అని, తడి కాళ్లతోనే వచ్చి దుంగ మీద నా పక్కన కూర్చున్నాడు.