ఎదురు వణికిన కన్ను

నేను ఒక కెమెరాని. అందులోనూ చిన్న కెమెరాని. నా గురించి ఏమైనా అనాలనుకుంటే ఇప్పుడే అనేయండి. నేను వినని మాటంటూ లేదు. విజయవాడ షాపులో, గాజు అరలో, ఒక వేసవి అంతా విన్నాను. "బొమ్మలా ఉందే!" "దీంతో పెళ్లిళ్లు తీస్తారా?" "ఫుల్ ఫ్రేమ్ కాదా? అయితే వద్దులెండి." అలా అని నన్ను అరలో పెట్టి, నా పక్కనున్న పెద్ద కెమెరాని చంకనెత్తుకునేవాళ్లు. కొననివాళ్లు కూడా దాన్ని ఒకసారి ఎత్తుకుని ముద్దు చేసి వెళ్లేవాళ్లు.

మా ఇద్దరినీ మిర్రర్‌లెస్ కెమెరాలంటారు. పాత కెమెరాల్లో ఒక అద్దం ఉండేది. మీట నొక్కగానే అది టప్పున పైకి లేచేది. మాకు ఆ అద్దం లేదు, ఆ చప్పుడూ లేదు. కాంతి నేరుగా వచ్చి లోపలి పలక మీద పడుతుంది. పెద్ద కెమెరాల్లో ఆ పలక తపాలా బిళ్లంత ఉంటుంది, దాన్నే ఫుల్ ఫ్రేమ్ అంటారు. నాది బొటనవేలి గోరంత. నన్ను చిన్నచూపు చూడటానికి మనుషులకు ఈ ఒక్క కొలత చాలింది.

కానీ నేను పుట్టిన ఫ్యాక్టరీలో, తెల్ల గ్లవుజులు వేసుకున్న ఒకావిడ నాలో ఇంకో పని చేసి పెట్టింది. ఆ గోరంత పలకను మరలతో బిగించలేదు. చుట్టూ అయస్కాంతాలు అమర్చి, మధ్యలో తేలేలా వదిలింది. నన్ను పట్టుకున్న చెయ్యి కుడికి జరిగితే నా పలక ఎడమకు జరుగుతుంది. చెయ్యి కిందికి దిగితే పలక పైకి లేస్తుంది. బయట ఎంత కదిలినా లోపలి బొమ్మ నిలబడుతుంది. ఈ సంగతి పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఎవరూ చదవలేదు.

సలోమి కూడా చదవలేదు. ఆమెది చీరాల. వాళ్ల నాన్న పెట్టిన ఫోటో స్టూడియోని తమ్ముడు గిద్యోనుతో కలిసి నడుపుతోంది. యాభై దాటిన మనిషి, నేత చీర, భుజాన జోలె. షాపులోకి వచ్చి పెద్ద కెమెరాని ఎత్తింది, దించింది. నన్ను ఎత్తింది. రోడ్డు అవతలి మందుల షాపు బోర్డు వైపు తిప్పి మీట నొక్కింది. తెర మీద ఆ ఫోటోని పెద్దది చేసి, పెద్దది చేసి, బోర్డు మీది అక్షరాల దాకా వెళ్లింది. అక్షరాలు గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసింది.

షాపతను "మేడమ్, ఇది ట్రావెలింగ్‌కి బాగుంటుంది, ప్రొఫెషనల్‌కైతే..." అని మొదలుపెట్టాడు.

"నాకు ఇదే కావాలబ్బాయ్," అంది.

అప్పటికే నాకు తెలిసిపోయింది. ఆమె కుడి చెయ్యి వణుకుతోంది. ఎన్నో నెలలుగా ఆమె తీసిన ఏ ఫోటోలోనూ అక్షరాలు నిలబడలేదు.

అప్పటి నుంచి మాది గుట్టు కాపురం. ఆమె బయట వణికేది, నేను లోపల ఎదురు వణికేదాన్ని. మా ఇద్దరి వణుకులూ కలిస్తే ఫోటో నిశ్చలంగా వచ్చేది. తమ్ముడికి తెలియదు. రసీదుల మీద సంతకాలు గిద్యోనుకి అప్పజెప్పింది. చర్చిలో పాటల పుస్తకాన్ని పక్కావిడతో కలిసి పట్టుకునేది. స్టూడియో ఎదురుగా టీ కొట్టు మాబాషా మాత్రం కనిపెట్టాడు. కనిపెట్టినట్టు ఒక్క మాట అనలేదు. ఒకరోజు నుంచి ఆమెకు సగం గ్లాసే పోసి ఇవ్వడం మొదలుపెట్టాడు. అది తాగాక, అడక్కుండానే, ఇంకో సగం. మనుషుల మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఆ సగం గ్లాసు గుర్తొస్తే కొన్ని వెనక్కి తీసుకుంటాను.

ఆ తర్వాతి ఏడు గిద్యోను పెద్ద కెమెరా తెచ్చాడు. దాన్ని నేను తిట్టను. చీకటి కల్యాణ మండపంలో ఒక్క దీపం వెలిగితే చాలు, పెళ్లికూతురి ముక్కుపుడక దాకా చూడగలదు. అదే చీకట్లో నేను తీస్తే ఫోటో మీద బొంబాయి రవ్వ చల్లినట్టుంటుంది, ఒప్పుకుంటాను. వధూవరుల వెనక ఉన్న బంధువులనీ కుర్చీలనీ అది వెన్నలా కరిగించేస్తుంది. బంధువుల్ని కరిగించాలని కోరుకునేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి దానికి గిరాకీ ఎక్కువ.

మరి వాడరేవులో తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొస్తుంటే, ఎక్కడో అలల మీద చేపకోసం వాలిన పక్షిని దగ్గరికి లాగింది ఎవరు? నేను. ఉయ్యాల్లో పసిపిల్ల నిద్ర చెడకుండా ఫోటో తీసింది ఎవరు? నేను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెడలో వేలాడినా మెడ నొప్పి పెట్టనిది ఎవరు? చెప్పక్కర్లేదు. మనుషులు మాత్రం "రెండిట్లో ఏది గొప్పది?" అని అడుగుతారే గానీ "దేనికి?" అని అడగరు. ఇంత తర్జనభర్జన పడి కొన్న కెమెరాతో తీసిన ఫోటోని చివరికి ఫోన్లో పెట్టుకుని, బొటనవేలితో పైకి తోసేస్తారు.

గుట్టు ఒక రిసెప్షన్‌లో బయటపడింది. తప్పు నాదే, నా బ్యాటరీ అయిపోయింది. అదే సమయానికి పెళ్లికొడుకు తాతగారు అక్షింతలు పట్టుకుని వేదిక ఎక్కారు. గిద్యోను భోజనాల దగ్గర ఉన్నాడు. సలోమి అతని కెమెరాని అందుకుంది. అది బరువైంది. దాని పలక బిగించిన పలక. మర్నాడు ఆ పెళ్లివారు ఫోటోలు చూసి, "ఏందమ్మా, మా పెళ్లిలో భూకంపం గానీ వచ్చిందా?" అన్నారు. ప్రతి ఫోటోలోనూ తాతగారికి రెండేసి ముఖాలు.

వాళ్లు వెళ్లాక గిద్యోను అక్క చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచక్కా?"

"చాన్నాళ్లయింది. డాక్టరు చూశాడు. పెద్ద జబ్బేం కాదంట. పోయే జబ్బూ కాదంట."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

గిద్యోను మంచివాడే. మంచివాళ్లు చేసే పనే చేశాడు. "ఇంక నువ్వు కౌంటర్లో కూచో అక్కా. తీసేదంతా నేను తీస్తా. ఈ చిన్నదాన్ని విజయవాడలో మార్చేసి ఇంకోటి పెద్దది తెస్తా."

"వేలు ఒణికితే కన్ను ఒణికినట్టేనంట్రా?"

అతను విజయవాడ షాపుకి ఫోన్ చేశాడు. నన్ను తెచ్చి ఇచ్చేస్తానన్నాడు.  వెళ్తే పాత సరుకుగా నేను వెళ్తాను. ఆమె? ముప్పై ఏళ్లుగా ఊరందరినీ చూసిన మనిషి, కౌంటరు వెనక కూర్చుని తమ్ముడు తీసిన ఫోటోలకు కవర్లు అంటించాలి.

నన్ను ఇచ్చేయడానికి ముందు ఒక్క పని మిగిలింది. పక్కనే ఉన్న పేరాలలో ఒక నేతగాళ్లింట్లో నాగవేణి అనే అమ్మాయిని పెళ్లికూతుర్ని చేస్తున్నారు. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య జరిగే తంతు. మగవాళ్లు వచ్చి తీయకూడదని ఆ అమ్మాయి పట్టుబట్టింది. అందుకని గిద్యోను "ఈ ఒక్కటీ తియ్యక్కా, తర్వాత చాల్లే" అన్నాడు.

నాగవేణి పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆమె కుడిచేతికి, మణికట్టు నుంచి వేళ్ల చివరిదాకా, తెల్ల మచ్చలు. పెళ్లికొడుక్కి తెలుసు. వాళ్ల వైపు అందరికీ తెలుసు. తెలియకూడనిది ఫోటోకొక్కదానికే అన్నట్టు ఆ చేతిని పైట చెంగులో దాచుకుని కూర్చుంది. కళ్లు రెండూ గుచ్చినట్టు ఎదురుగా పెట్టింది. తల్లి పక్కనే నిలబడి, "చెయ్యి లోపలే ఉంచు వేణీ" అని మాటిమాటికీ చెబుతోంది. "ఒకవేళ ఫోటోలో పడినా భయంలేదమ్మా, స్టూడియో అబ్బాయి కంప్యూటర్లో మాపేస్తానన్నాడు."

మూలన కాళ్లు చాపుకుని పసుపు కొమ్ములు ఏరుతున్న నాయనమ్మ తలెత్తింది. "మాపేదేందే? అదేమన్నా మరకా?"

"నువ్వూరుకో అత్తా."

గది ఇరుకు. ఒకే కిటికీ. దానిమీద ఆరేసిన తువ్వాలు తీసేసి, సలోమి వెలుతురు రానిచ్చింది. నన్ను కంటిదగ్గరకు ఎత్తింది. ఇదే ఆఖరి పని అని ఆమెకు తెలుసు, ఆమె చేతికీ తెలిసినట్టుంది. అంత వణుకు నేను ఎన్నడూ ఎరగను. నా పలక అయస్కాంతాల మధ్య ఆ అంచు నుంచి ఈ అంచుకి పరుగులు తీస్తోంది.

"ఆంటీ," అంది నాగవేణి, "మీ చెయ్యేంది అట్టా ఒణుకుతోంది?"

 సలోమి నన్ను కొంచెం దించింది. చలి అనొచ్చు, పొద్దున ఏమీ తినలేదనొచ్చు. ఇన్నాళ్లూ అలాంటివే చెబుతూ వచ్చింది.

"అవునమ్మా, ఒణుకుతది. రోజూ ఇంతే."

"మరి ఫోటో?"

"ఫోటో ఒణకదు. ఆ సంగతి ఇది చూసుకుంటది." అని నన్ను వేలితో తట్టి మళ్లీ కంటికి ఎత్తింది.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆ చేతినే చూసింది. తర్వాత ముఖమంతా విచ్చుకుని, "అమ్మో, పెళ్లి నాకైతే భయం మీకేసినట్టుందే!" అని పగలబడి నవ్వింది. నవ్వుతూ ఆ వణికే మణికట్టుని పట్టుకోబోయినట్టు తన చెయ్యి చాపింది. ఏ చెయ్యో చూసుకోలేదు. పైట చెంగులోంచి కుడిచెయ్యి బయటికొచ్చింది.

సలోమి మీట నొక్కింది.

ఆ మసక గదిలో నేను మామూలుకంటే ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి. అంతసేపు నిలకడైన చేతికే కష్టం. నా ఆయుష్షులో నేను చేసిన గట్టి పని అదే. ఆమె చెయ్యి ఎటు పోతే నేను దానికి ఎదురు పోయాను. పోయి, పోయి, ఆ నవ్వుని కదలనివ్వలేదు.

వెనక తెర మీద ఫోటో వచ్చింది. కనురెప్పలు ఒక్కొక్కటీ లెక్కకొచ్చేలా ముఖం. దానిముందు మనవైపు చాచిన తెల్లమచ్చల చెయ్యి, కదులుతున్నది కాబట్టి అంచుల్లో కొంచెం మసకగా, పట్టుకోమన్నట్టు.

తల్లి వంగి చూసి, "అయ్యో, చెయ్యి పడింది. అది తీసెయ్యమ్మా," అంది.

నాగవేణి నన్ను తన చేతుల్లోకి తీసుకుంది.  "వద్దు. ఆల్బంలో మొదట ఇదే పెట్టండి ఆంటీ."

"చూసేవాళ్లు ఏమనుకుంటారే?"

"ఏదీ, నాకూ చూపించండి," అని నాయనమ్మ అద్దాలు సర్దుకుంది. చూసి, కోడలివైపు తిరిగి, "ఇది ఇట్టా నవ్వి ఎన్నేళ్లయిందో నీకన్నా గుర్తుందా? ఏమన్నా అనుకునేవాళ్లుంటే నా దగ్గిరికి పంపు," అంది.

సాయంత్రం స్టూడియోలో గిద్యోను ఆ ఫోటోని కంప్యూటర్‌లో తెరిచాడు. పెద్దది చేసి కనురెప్పల దాకా వెళ్లాడు.

"అక్కా, స్టాండు వేశావా?"

"స్టాండుకి చోటేడుందిరా? వాళ్ల నాయనమ్మ కాళ్లు చాపుకుని కూచుంటే."

అతని చేతిలోని మౌస్ అలవాటుగా ఆ మచ్చల చేతి మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు ఆగింది. అతను మౌస్ వదిలేశాడు. లేచి గుమ్మం దగ్గరికెళ్లి విజయవాడకి ఫోన్ చేశాడు. "రావట్లేదండి. లేదు, ఇచ్చేది లేదు," అన్నాడు. తర్వాత రోడ్డు దాటి మాబాషా దగ్గర్నుంచి తనే టీ తెచ్చి అక్క ముందు పెట్టాడు. సగం గ్లాసు.

"మండపాలు నావి, లోపలి గదులు నీవి," అన్నాడు.  పెద్దదానికి దాని పని, నాకు నా పని. అరలో మా ఇద్దరినీ పక్కపక్కనే పెట్టేవాళ్లు. ఆ పెద్దది కూడా మంచిదే, పరిచయం అయ్యాక.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఎన్నో లోపలి గదులు చూశాను. చూలింతల్ని, బాలింతల్ని, ఎవరికీ కనపడని మూలల్లో నవ్వే ఆడవాళ్లని చూశాను. చివరికి నా అయస్కాంతాలు అలిసిపోయాయి. నన్ను ఊపితే లోపల గలగలమనేది. బాగుచేసేవాడు విప్పి చూసి పెదవి విరిచాడు. "దీనికి సామాను రాదండి, కంపెనీవాళ్లు ఎప్పుడో ఆపేశారు. పాత ఇనప సామాన్లలో వేసేయండి."

"నాకూ సామాను రాదు కదయ్యా," అంది సలోమి. "నన్నేడ వేస్తావు?"

అతను నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు. నా పలకను కదలకుండా బిగించి ఇమ్మంది. వెనక్కి తెచ్చింది.

కాబట్టి, నా కథ పాత సామాన్ల కుప్పలో ముగుస్తుందని ఎదురుచూస్తున్నవాళ్లు నిరాశపడక తప్పదు. నేను చీరాలలోనే, అదే స్టూడియోలో, పాస్‌పోర్టు ఫోటోల గదిలో ఉన్నాను. ఇనప స్టాండు మీద నన్ను గట్టిగా బిగించారు. నా మీద నుంచి ఒక తీగ వేలాడుతుంది, దాని చివర ఒక మీట. సలోమి కుర్చీలో కూర్చుని ఆ మీట నొక్కుతుంది. ఆమె వణుకు తీగలోకి వస్తుంది, తీగ ఊగుతుంది, నా దాకా రాదు. ఇప్పుడు ఆమె చెయ్యి ఇష్టమొచ్చినంత వణకొచ్చు. దాచుకోవాల్సిన పని ఎప్పుడో పోయింది.

మీకూ ఏదో ఒకనాడు పాస్‌పోర్టు ఫోటో కావాల్సి వస్తుంది. వస్తారు. నన్ను చూసి "ఇంత చిన్నదాంతోనా?" అని మనసులో అనుకుంటారు. అనుకోండి. ఆమె మీ గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పి, వణికే వేలు మీట మీద పెట్టి, "కదలొద్దు" అంటుంది. ఆ మాట వినండి. మా వంతు మేం చూసుకున్నాం. కదలకుండా కూర్చోవాల్సింది మీరొక్కరే.