డబ్బు ఎల్లుండి

సూర్యప్రకాష్ ఒక ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండోది టేబుల్ మీద మోగుతుండగా, కంప్యూటర్లో ఆర్డర్లు కొడుతున్నాడు. అమలాపురంలో మేడ మీదున్న ఆ షేర్ల ఆఫీసులో పెళ్లికి ముందు నుంచీ అతని పని అదే. ఎవరో అమ్మమంటారు, ఎవరో కొనమంటారు. అతను కొడతాడు. మెడ ఎడమ పక్కకి వాలి అలాగే ఉండిపోయింది. మాస్కు చెమటకి తడిసి గడ్డానికి అతుక్కుంది. ఊళ్లో సగం మందికి అతని గొంతు తెలుసు, ముఖం తెలియదు. తన కోసం ఒక్క షేరూ ఎప్పుడూ కొనుక్కోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులవి. కేసులు పెరిగాయంటే బ్యాంకు షేర్లు పడేవి, లాక్‌డౌన్ ఉండదంటే లేచేవి.

ఆ ఉదయం మార్కెట్ తెరవగానే భూలక్ష్మి ఫోన్ చేసింది. ఐనవిల్లి కొబ్బరి వ్యాపారి అంజిబాబు భార్య ఆవిడ. అంజిబాబు రోజూ ఫోన్ చేసి, ముందు సూర్యప్రకాష్ టిఫిన్ సంగతి అడిగి ఆ తర్వాతే రేటు అడిగే మనిషి. ఇప్పుడు ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలో పడుకుని ఉన్నాడట. అడ్వాన్సు కడితేనే ఆక్సిజన్ మంచం ఇస్తారట. ఆవిడ ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది.

"బ్యాంకులన్నీ... అమ్మేయండి ప్రకాష్ గారూ."

"ఆయ్, అమ్మేస్తానండి. డబ్బు మాత్రం ఎల్లుండి గానీ చేతికి రాదండి."

అవతల ఊపిరి లాగుతున్న చప్పుడు వినపడింది.

అమ్మేసి, యజమాని కామేశ్వరరావు గదిలోకి వెళ్లాడు. ఎలాగూ వచ్చే డబ్బే కదా, ముందు సర్దమని అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదలు. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి ప్రకాష్. వెళ్లి ఫోన్లు చూసుకో."

సూర్యప్రకాష్ వెళ్లి ఫోన్లు చూసుకున్నాడు.

కాసేపటికి టీవీలో వార్త వచ్చింది. ఆసుపత్రులకు అప్పులిచ్చేందుకు రిజర్వు బ్యాంకు బ్యాంకులకు నిధులిస్తుందట. ఆ మాట పూర్తయ్యేలోపే అంజిబాబు అమ్మిన షేర్లు ఎగబాకాయి. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. కాలేజీ లెక్చరరొకాయన మంచి వార్తండి అని నవ్వుతూ కొనమన్నాడు. సూర్యప్రకాష్ ఆయ్ అని ఆర్డరు కొట్టాడు.

మార్కెట్ మూసేశాక ఏటీఎంలో తన జీతంలో మిగిలినదంతా తీసుకుని, కర్ఫ్యూ పోలీసులకి ఆసుపత్రికని చెప్పుకుంటూ స్కూటరు మీద వెళ్లాడు. ఈ పని పొద్దున్నే చేసి ఉండొచ్చని దారిలో తోచింది.

గేటు దగ్గర ఆటో లేదు. మెట్ల మీద భూలక్ష్మి ఒక్కతే కూర్చుని ఉంది. అతను పేరు చెప్పగానే గొంతు గుర్తుపట్టి లేచి నిలబడింది.

"మధ్యాహ్నమే అయిపోయిందండి. ఆటోలోనే. షేర్లు మంచి రేటుకే పోయాయా అని అడిగేరండి, ఆఖర్న."

సూర్యప్రకాష్ జేబులో డబ్బు మీదున్న చెయ్యి బయటికి తియ్యలేదు.

"ఆయ్. మంచి రేటేనండి."

ఆవిడ తలూపింది. ఇంతలో శవాన్ని ఎక్కించుకున్న వ్యాను వచ్చింది. ఎవరో పిలిస్తే వెనక్కి చూడకుండా ఎక్కి వెళ్లిపోయింది.

మెట్టు మీద అంజిబాబు కోసం ఆవిడ తెచ్చిన జావ ఫ్లాస్కు ఉండిపోయింది. మూత బిగించింది బిగించినట్టే ఉంది. అతను తీసి చూస్తే లోపల జావ ఇంకా వెచ్చగానే ఉంది.