ట్యాంకు మీది మబ్బు

నాగేశ్వర జుట్టంటే ఆఫీసులో అందరికీ గౌరవం. యాభై దాటినా ఒత్తుగా ఉంటుంది. రంగు వేస్తాడు కాబట్టి నల్లగానూ ఉంటుంది. దాన్నే అతని భార్య పద్మజ కసాపురం ఆంజనేయస్వామి దగ్గర తాకట్టు పెట్టింది.

“స్వామీ, ఈ మనిషి ఇంగ నోటికాడ నిప్పు ముట్టిస్తే ఆ జుట్టు నీదే” అని మొక్కుకుని, మొగుడి చేతనే టెంకాయ కొట్టించింది.

సిగరెట్టు ఆగిపోయింది. నాగేశ్వర వక్కపొడి నమిలాడు, సోంపు నమిలాడు, చివరికి ఆఫీసు పెన్నుల మూతలు నమిలాడు.

మూతలు అయిపోవస్తున్నాయని పక్క సీటు ఓబిలేష్ జాలిపడ్డాడు. బెంగళూరు నుంచి వచ్చిన వేప్ పెన్ను, అంటే కరెంటు సిగరెట్టు, ఒకటి బల్ల కిందుగా అందించాడు.

“జోబులో దాచుకో అన్నా, దీనికి నిషేధం ఉండాది. ఈడ లిక్విడ్డు, ఈడ బ్యాటరీ. పీలిస్తే లోపల తీగ వేడెక్కి ఆవిరొస్తాది. మెల్లగా లాగల్ల. సిగరెట్టు మాదిరి గబగబా లాగితే గొంతు మండుతాది. చార్జింగు సెల్లు వైరుకే పెట్టుకో.”

“నిప్పు?”

“యాడుందన్నా నిప్పు? నిన్ను అగ్గిపెట్టె అడిగినానా?”

“మరి సిగరెట్టులో సరుకు?”

“అది లేకపోతే నీకెందుకన్నా ఇది?”

నాగేశ్వర మొక్కును మాట మాటా గుర్తుచేసుకున్నాడు. నిప్పు అంది. ఆవిరి అనలేదు. ఇడ్లీ ఉడికేదీ ఆవిరితోనే కదా అని మనసుకు నచ్చజెప్పి, పెన్ను జేబులో వేసుకున్నాడు. మామిడిపండు వాసనది.

ఇంట్లో పీల్చడానికి మిద్దె ఒక్కటే చోటు. మిద్దెక్కడానికి అనంతపురంలో మగవాడు కారణం వెతుక్కోనక్కర్లేదు. “ట్యాంకు చూసొస్తా” అంటే చాలు. ఇంటిపనుల్లో మొగుళ్లకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, చెయ్యి తడవదు. నాగేశ్వర లేవగానే చూసొచ్చేవాడు, కాఫీ తాగి చూసొచ్చేవాడు, టీవీలో ప్రకటనలు వస్తే చూసొచ్చేవాడు. మొగుడికి ఇన్నాళ్లకు ఇంటి మీద ధ్యాస కలిగిందని పద్మజ మురిసిపోయింది కూడా.

ఆదివారం పక్కింటి సునంద గోడ మీంచి పిలిచింది.

“అక్కా, మీ మిద్దె మీద మబ్బు లేసింది! వానొస్తాదని నేను వడియాలు ఎత్తి లోపల పెట్టినా. అయినా మబ్బుకు మామిడిపండు వాసన ఏందక్కా?”

పద్మజ తలెత్తి చూసింది. జిల్లాలో ఇంకెక్కడా లేని మబ్బు తమ ట్యాంకు వెనక నుంచి తెల్లగా లేచి, తీరిగ్గా విడిపోతోంది.

కాసేపటికి నాగేశ్వర మెట్లు దిగి వచ్చాడు.

“ట్యాంకు ఎట్లుండాదయ్యా?”

“నిండుగా ఉండాది. పొర్లతాండాది.”

“బుధవారం నుంచి కొళాయే రాలేదు. బిందెలతో మోసుకొచ్చి సంసారం చేస్తాండా నేను. పొర్లేది యాడిది?”

జవాబు చెప్పడానికి నాగేశ్వర నోరు తెరిచాడు. మాటకన్నా ముందు మామిడిపండు వాసన బయటికి వచ్చింది.

ఇక దాచి లాభం లేదు. పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టి వాదన మొదలుపెట్టాడు.

“చూడు పద్మజా, అగ్గిపుల్ల లేదు, బూడిద లేదు. అంతా కరెంటే. మొక్కు మొక్కుగానే ఉండాది. కావాలంటే స్వామినే అడుగు.”

పద్మజ పెన్నును అటూ ఇటూ తిప్పి చూసింది.

“నిజమే. నిప్పు లేదు. నాకే సరిగ్గా మొక్కుకోను రాలేదు.”

నాగేశ్వర హాయిగా జుట్టు దువ్వుకున్నాడు.

“దీనికి చార్జింగు ఎట్లా పెడతావు?”

“సెల్లు వైరుకే. సులువు.”

పద్మజ లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు పెన్ను లేదు. అతను మీసాలు దిద్దుకునే ట్రిమ్మరు ఉంది, ఒక పాత పంచె ఉంది. ట్రిమ్మరును ఆ వైరుకే తగిలించింది. ఎర్ర లైటు వెలిగింది.

“ఏందే ఇది?”

“నిప్పు లేకుండా పొగొచ్చినప్పుడు, మంగలి కత్తి లేకుండా గుండు రాదా? జుట్టు మూటగట్టి నేనే కసాపురం తీసకపోతాలే.”

పంచె అతని భుజాల చుట్టూ కప్పి, ఆగింది.

“చార్జింగు నిండేదానికి టైం పడతాది. అంతలోపల కావాలంటే పోయి ట్యాంకు చూసిరా.”