తీగ తెగిన మధ్యాహ్నం

ఆసుపత్రిలో నర్సమ్మ అతన్ని తరిమేసినంత పని చేసింది.

"మీరు ఇంటికెళ్ళండి బాబూ. పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఈ వరండాలో తిరుగుతూనే ఉన్నారు. మిమ్మల్ని చూసి లోపలున్నవాళ్ళకి కూడా కంగారు పుడుతోంది. సాయంత్రందాకా ఏమీ కాదు. అయ్యేటప్పుడు ఫోన్ చేయిస్తాం."

"మరి మా ఆవిడ..."

"మీ అక్కగారున్నారుగా. లోపలికి ఒక్కరినే రానిస్తాం. ఆ ఒక్కరూ మీరు కాకపోవడమే మంచిది."

ఆ మాటకి అక్క కూడా నవ్వింది. "వెళ్ళరా. మీ అత్తగారు ఒక్కరే ఉన్నారు ఇంట్లో, కట్టు కట్టిన కాలితో. వెళ్ళి ఆవిడకి కాస్త తోడుండు."

అత్తగారికి తోడు! ఆ మాట వినగానే అతనికి ఆసుపత్రి వరండాయే నయమనిపించింది.

అతను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఒత్తుకీ పొల్లుకీ మధ్య ఉన్న తేడాని కూడా పట్టే కళ్ళు అతనివి. చేతుల సంగతి మాత్రం వేరు. మూడేళ్ళ కిందట పెళ్ళి రోజున, బిగుసుకుపోయిన ఒక పెట్టె తాళంతో అతను పావుగంట కుస్తీ పట్టడం చూసి, అత్తగారు పక్కావిడతో అన్న మాట అతని చెవిన పడింది. "కుర్రాడు బంగారమేనమ్మా. చేతులే, అలంకారానికి పెట్టుకున్నట్టున్నాడు." ఆవిడ ఆ మాట అని ఎప్పుడో మరిచిపోయే ఉంటుంది. అతను మాత్రం మరవలేదు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలన్నీ గుమ్మం దగ్గరి మాటలే. "భోంచేశారా?" "చేశానండీ." "మీరు?" "అయింది."

కూతురి పురుడని నెల రోజుల ముందే వచ్చింది ఆవిడ. వచ్చిన మూడోవారం స్నానాలగదిలో జారిపడి ఎముక చిట్లించుకుంది. మోకాలి కింద నుంచి పాదం దాకా కట్టు వేశారు. ఏ పని కోసం వచ్చిందో ఆ పనికే లేకుండా పోయానన్న ఉక్రోషం ఆవిడ ముఖంలో కనిపిస్తూనే ఉంది.

అతను ఇల్లు చేరేసరికి ఆవిడ ముందు వరండాలో కుర్చీలో ఉంది. కాలు ముక్కాలిపీట మీద, ఫోను ఒళ్ళో, చేతికర్ర పక్కన.

"ఏమైంది?"

"ఇంకా ఏం లేదండీ. సాయంత్రం అవుతుందంటున్నారు."

"నొప్పులు ఎంతెంతసేపటికి వస్తున్నాయి?"

"వస్తూ పోతూ ఉన్నాయటండీ."

"ఉమ్మనీరు పోయిందా?"

"తెలీదండీ."

"అడగలేదా?"

అడగలేదు. నాలుగు గంటలసేపు వరండా కొలవడం తప్ప అతను ఏమీ చెయ్యలేదు. ఆవిడ తల వీధి వైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం అతనికి చీవాట్లకంటే ఎక్కువగా తగిలింది.

లోపలికి వెళ్ళాడు. ఫ్రిజ్ తలుపు తీసి చూసి మూశాడు. వెంట తెచ్చుకున్న ప్రూఫులు ముందేసుకున్నాడు. ఒకే వాక్యాన్ని ఆరుసార్లు చదివాడు కానీ దాని కర్త ఎవరో తేలలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్తే వరండా ముందున్న జాగాలో గడ్డి కనిపించింది. వానలకి ఏపుగా పెరిగి, బట్టలారేసే తీగ కింద మోకాలెత్తున ఊగుతోంది. "పాపాయిని తీసుకుని వచ్చేలోపు ఆ గడ్డి కొట్టించవూ? పురుగూ పుట్రా చేరుతుంది," అని భార్య వారం నుంచి చెవినిల్లు కట్టుకుని చెబుతోంది. "కొట్టించడమేమిటి, నేనే కొడతాను," అని అతను గొప్పగా అన్నాడు కూడా.

సరే, ఇప్పుడు కొడదాం. చేతులకి ఏదో ఒక పని లేకపోతే పిచ్చెక్కేట్టు ఉంది.

గడ్డి కొట్టే మెషిన్ పనిముట్ల గదిలో ఉంది. పొడుగాటి గొట్టం, దాని కొసన గిన్నెలాంటి తల, ఆ తలలోంచి రెండు వైపులా బయటికి వచ్చిన ప్లాస్టిక్ తీగ. కరెంటు పెడితే ఆ తీగ గిర్రున తిరిగి గడ్డిని నరుకుతుంది. దాన్ని ఇంట్లో ఇన్నాళ్ళూ వాడింది భార్యే. అతను తన ఫోన్ కూడా తెచ్చి అత్తగారి చేతికిచ్చాడు.

"ఈ చప్పుడులో నాకు వినపడదండీ. ఫోనొస్తే కేకెయ్యండి."

"కేకేస్తే వినపడుతుందా?"

"పోనీ కర్ర ఊపండి."

పది నిమిషాలు బాగానే సాగింది. పచ్చి వాసన గుప్పున లేచింది. అడుగులు ముందుకు పడుతుంటే గుండెల్లో బరువు కూడా కాస్త దిగినట్టనిపించింది. అంతలో కంచె దగ్గర ఇనుప తీగకి మెషిన్ తల తగిలి టప్పుమంది. చప్పుడు సన్నబడింది. తల తిరుగుతూనే ఉంది కానీ గడ్డి తెగడం లేదు. దువ్వెనతో దువ్వినట్టు అటూ ఇటూ వాలుతోందంతే. చూస్తే, తీగ రెండు వైపులా మొదలంటా తెగిపోయింది.

ప్లగ్గు పీకి, మెషిన్ని బోర్లించి, తల మూత మీద రెండు పక్కలా ఉన్న మీటల్ని కలిపి నొక్కాడు. రాలేదు. పళ్ళు బిగించి నొక్కాడు. మూత ఊడింది, దాంతోపాటు లోపలున్న స్ప్రింగు కప్పలా ఎగిరి గడ్డిలో పడింది.

పాతిక నిమిషాలు మోకాళ్ళ మీద పాకి స్ప్రింగు వెతికాడు. దొరికేసరికి చేతులు గీరుకుపోయాయి. మధ్యలో రెండుసార్లు తలెత్తి "ఏమైనా వచ్చిందా అండీ?" అని అరిచాడు. రెండుసార్లూ ఆవిడ లేదన్నట్టు తల ఊపింది. తన పాకుడంతా ఆవిడ చూస్తూనే ఉందని అతనికి తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

కొత్త తీగ చుట్ట గదిలోనే దొరికింది. మెషిన్‌తో వచ్చిన కాగితం కూడా దొరికింది. అందులో మొదటి పంక్తిలోనే ఒక అచ్చుతప్పు పట్టాడు కానీ, తీగ ఎలా చుట్టాలో మాత్రం తలకెక్కలేదు. రీలు మధ్యలో అడ్డగోడ ఉంది. అంటే తీగని సగానికి మడిచి, మడతని ఆ గోడలో ఉన్న గాడికి తగిలించి, ఒక పోగు ఈ అరలో, ఒక పోగు ఆ అరలో చుట్టాలన్నమాట. చుట్టాడు. మూత బిగించి కరెంటు పెడితే తీగ బయటికి రాకుండా లోపలే బిగుసుకుంది. విప్పి మళ్ళీ చుట్టాడు. ఈసారి తల తిరగ్గానే తీగ మొత్తం వదులై, నూడిల్స్ కట్ట విప్పినట్టు బయటికి చిమ్మింది. మూడోసారి చుడుతుంటే చేతిలోంచి కొస జారి, చుట్టిందంతా బుస్సుమని విప్పుకుంది.

"ఛీ!" అని రీలు నేలకేసి కొట్టాడు.

"నేలేం చేసింది పాపం?"

తలెత్తి చూస్తే అత్తగారు. చేతికర్ర ఊతంతో వరండా మెట్లు దిగి, కట్టుకాలిని ఈడ్చుకుంటూ సగం దూరం వచ్చేసింది.

"అయ్యో, మీరెందుకు దిగారండీ! పడితే?"

"పడితే ఇంకో కాలుంది. ఆ రీలు ఇలా ఇవ్వండి."

"నేను చేస్తానండీ."

"గంట నుంచీ చేస్తూనే ఉన్నారు. చూడలేక చస్తున్నాను. ఇవ్వండి."

అతనికి రోషం తన్నుకొచ్చింది. "అవునులెండి. నా చేతులు అలంకారానికి కదా."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "ఎవరన్నారు?"

"మీరే. పెళ్ళిలో. పెట్టె తాళం దగ్గర."

"అన్నానా? అనే ఉంటాను, నా నోరు అలాంటిది. ముప్ఫై మందితో మిల్లులో అరిచి అరిచి బతికినదాన్ని. మూడేళ్ళు మనసులో పెట్టుకున్నారా? అప్పుడే మొహం మీద అడిగేస్తే పోయేదిగా." అని, పక్కనే ఉన్న రాతి అరుగు అంచున కూలబడి చెయ్యి చాపింది.

అతను రీలు ఇచ్చాడు.

ఆవిడ ఇరవయ్యారేళ్ళు నూలుమిల్లులో కండెలు చుట్టే విభాగంలో పనిచేసింది. ఆ సంగతి అతనికి తెలుసు కానీ, దాని అర్థమేమిటో ఇప్పుడే చూశాడు. రీలుని వేళ్ళ మీద ఒక్కసారి తిప్పింది. గోరుతో అంచు తడిమింది.

"ఇదిగో, ఈ బాణం గుర్తు చూడు. చుట్టేది ఇటువైపు. నువ్వు అటు చుట్టావు. అటు చుడితే తల తిరిగినప్పుడు ఊడక ఏం చేస్తుంది? తీగ లాగి పట్టుకో. అలాక్కాదు, బిగువుగా. వదులైతే పోగు మీద పోగెక్కి లోపలే కరుచుకుంటుంది."

'నువ్వు' అంది ఆవిడ. పెళ్ళైన నాటి నుంచీ నోటివెంట 'మీరు' తప్ప రాలేదు. అతను గమనించాడు. ఆవిడ గమనించలేదు. అతను తీగ కొసలు రెండూ బిగించి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చుడుతూ పోతోంది, వరస పక్కన వరస, ఎక్కడా సందు లేకుండా. చూస్తుంటే అతనికి అంతసేపట్లో మొదటిసారి ఊపిరి నిదానించింది.

అంతలో ఒక చుట్టు పక్క చుట్టు మీదికెక్కింది. ఆ తర్వాత ఇంకొకటి. ప్రూఫులు దిద్దే కళ్ళు కదా, చటుక్కున పట్టేశాయి.

"అత్తయ్యగారూ, అక్కడ దాటిపోయిందండీ."

ఆవిడ ఆగింది. రీలు వైపు చూసింది. అప్పటిదాకా ఆవిడ చూపు దాని మీద లేదు. ఒళ్ళోని రెండు ఫోన్లూ కింద పడకుండా మోచేత్తో అదిమి పట్టుకుని ఉంది.

"సాయంత్రం అవుతుందన్నారా, సాయంత్రంలోగా అవుతుందన్నారా?" అంది, తలెత్తకుండా.

"సాయంత్రం అన్నారండీ. అంత తేడా ఏముంది?"

"నాకూ అలాగే అన్నారు. సాయంత్రం అని. సాయంత్రం పోయింది, తెల్లారింది, ఇంకో సాయంత్రం వచ్చింది." ఎక్కిన చుట్టుని వెనక్కి విప్పుతూ అంది. "మా అమ్మాయికంటే ముందు ఒకడు పుట్టాడు నాకు. పుట్టాడు గానీ ఏడవలేదు. ఎంత తట్టినా ఏడవలేదు."

అతను తీగ వదలకుండా పట్టుకున్నాడు.

"తనకి తెలుసా అండీ?"

"ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు చెబితే జడుసుకుంటుంది. పెద్దయ్యాక చెప్పాల్సిన పని పడలేదు. కడుపుతో ఉన్న పిల్లకి చెబుతామా? వాళ్ళ నాన్న పోయాక ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు నీకు చెప్పాను. నువ్వు దానికి చెప్పకు."

"చెప్పనండీ."

"పొద్దున్నుంచీ ఆ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. మోగితే భయం, మోగకపోతే భయం. నీ పాకుళ్ళు చూస్తుంటే కాస్త కాలక్షేపం అయింది, లేకపోతే ఏమైపోయేదాన్నో." ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆవిడకి కన్నీళ్ళు కూడా వచ్చాయి. వాటిని భుజానికి తుడుచుకుని, "లాగి పట్టుకో, వదిలేస్తున్నావు," అంది.

చుట్టడం పూర్తయ్యాక కొసల్ని రీలు అంచునున్న గాట్లలో ఇరికించింది. అతను వాటిని తల పక్కనున్న రంధ్రాల్లోంచి బయటికి తీసి, స్ప్రింగు పెట్టి, మూత నొక్కాడు. టిక్కుమంది. కొసలు పట్టి ఒక్క లాగు లాగితే గాట్లలోంచి వదిలి చక్కగా నిలిచాయి. ఆవిణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి మెషిన్ ఆన్ చేశాడు. గడ్డి కచకచా తెగి పడుతోంది.

బట్టలారేసే తీగ కింద సగం కొట్టాడో లేదో, ఎందుకో తల తిప్పి చూశాడు. అత్తగారు కుర్చీలోంచి లేచి ఒంటికాలి మీద నిలబడి కర్రని గాల్లో గిరగిరా తిప్పుతోంది.

మెషిన్ అక్కడే పడేసి పరిగెత్తాడు. ఫోన్లో అక్క. "ఒరేయ్, ఆపరేషన్‌కి తీసుకెళ్ళారురా. లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం కాస్త నెమ్మదించిందట. ఆలస్యం చెయ్యొద్దన్నారు. నువ్వు రా."

అక్క మాట ఆవిడకి చెప్పాడు. "నేను వెళ్ళొస్తానండీ," అన్నాడు.

"నేనూ వస్తున్నాను."

"మెట్లున్నాయండీ అక్కడ..."

"మోసుకెళ్ళు. అంత చేతకాకపోతే పాక్కుంటూ వస్తాను. నన్ను ఇక్కడ ఒక్కదాన్నే వదిలెయ్యకు, నాయనా."

టాక్సీలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆవిడ కర్ర టకటకా నేలకేసి కొట్టింది. డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆసుపత్రి ముందు మెట్ల దగ్గర అతను ఆవిడ చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, నడుము పట్టి, మెట్టు మెట్టుకీ ఎత్తాడు. ఆవిడ ఇంత తేలికని అతను అనుకోలేదు.

థియేటర్ ముందు అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తలుపు పైన ఎర్ర దీపం. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. పొద్దున అతన్ని ఇంటికి పంపిన నర్సమ్మ అటుగా పోతూ, ఈసారి అతన్ని వెళ్ళమనలేదు. అతను అటు చివరి నుంచి ఇటు చివరికి నడిచాడు. కర్ర చప్పుడు వినపడి పక్కకి చూస్తే అత్తగారు కూడా నడుస్తోంది. వద్దని చెప్పాలనిపించలేదు. ఆవిడ అడుగుకి తన అడుగు తగ్గించుకున్నాడు.

ఎంతసేపు అలా నడిచారో. వరండా మధ్యలో ఉండగా అత్తగారు ఉన్నట్టుండి ఆగిపోయి అతని చొక్కా పట్టుకుంది.

తలుపుల వెనక నుంచి సన్నగా, కోపంగా, తెరలు తెరలుగా ఏడుపు.

"విన్నావా?" అంది. "విన్నావా? ఏడుస్తోంది."

"విన్నానండీ."

"గట్టిగానే ఏడుస్తోంది కదూ?"

"చాలా గట్టిగా."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒక నర్సు తెల్లగుడ్డలో చుట్టిన పసికందుతో వచ్చింది. "ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది. ఇంకో గంటలో చూడొచ్చు. ఎవరు పట్టుకుంటారు?"

అతను చేతులు చాపాడు. మోచేతుల దాకా గీతలు, గోళ్ళలో పచ్చటి మట్టి. నర్సు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "కడుక్కురండి ముందు," అంది. బిడ్డని అత్తగారి చేతుల్లో పెట్టబోయింది. ఆవిడ కర్ర గోడకి ఆనించింది, కానీ చెయ్యి ముందుకి రాలేదు. అక్క వెనక నుంచి ఆవిణ్ణి పట్టుకుని నిలబెట్టింది. అప్పుడు తీసుకుంది. పిల్ల ముఖం చూడలేదు ముందు. గుడ్డ కాస్త తొలగించి, రొమ్ము మీద రెండు వేళ్ళు ఆనించి, పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉండిపోయింది.

"బరువు చూడాలండీ, ఇవ్వండి," అంది నర్సు.

"మళ్ళీ తెస్తావుగా?"

"ఐదు నిమిషాల్లో తెస్తాను."

నర్సు పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి అక్క ఎక్కడి నుంచో కుర్చీ ఒకటి లాక్కొచ్చి వేసింది. "కూర్చోండి పిన్నిగారూ, కాలు వాస్తుంది," అంటోంది.

ఆవిడ కూర్చోలేదు. తలుపుకి ఎదురుగా, అతని మోచెయ్యి పట్టుకుని, నిలబడే ఉంది.