ఐబు చెప్పినవాడి ఎద్దు

మదార్ సాబ్ ఎద్దుకు ఒకటే ఐబు, ఒకే ఒక్క లోపం. చక్కెర ఫ్యాక్టరీ కూత వినబడితే చాలు, ఎక్కడున్నది అక్కడే కూలబడుతుంది. ఫ్యాక్టరీకి చెరకు బండి తోలి బతికేవాడికి అంతకన్నా దరిద్రం ఏముంటుంది! వచ్చే సోమవారం నుంచే చెరకు నరుకుడు. ఈలోగా దీన్ని అమ్మి ఇంకోదాన్ని కొనకపోతే ఈ ఏడు బండి వాకిట్లోనే ఉంటుంది, పొయ్యిలో పిల్లి లేవదు.

బోధన్ సంతకు తోలుకురావడం ఇది మూడో వారం. రెండు వారాలూ ఐబు చెప్పాడు, కొనవచ్చినవాళ్లు దండం పెట్టి పోయారు. బేరాలు కుదిర్చే దలాలి కాశయ్యకు ఒళ్లు మండింది.

"పిచ్చి లేసిందా సాయిబూ? అమ్మెటోడు ఐబు చెప్తడా? కొనెటోడు నీ మతపోడు గూడ కాకపాయె!"

"ఎవలైతేంది కాశయ్యా! ఐబు దాసి అమ్మితె ఆ పైస హరాం. మావోన్ని మోసం జేస్తె పాపం, మీవోన్ని జేస్తె పుణ్యం అని మా అబ్బా నాకు చెప్పలే."

అప్పుడే సిరికొండ నుంచి భీమన్న అనే రైతు వచ్చాడు. అడవి పక్క ఊరు. దుక్కికే ఎద్దు కావాలి, అక్కడికి ఏ కూతా వినబడదు. పళ్లు చూశాడు, మూపురం తట్టాడు, మెచ్చాడు. కాశయ్య మురిసిపోయి తువాలు విప్పాడు. సంతలో బేరమంతా తువాలు కిందే. వేళ్లు పట్టి ధర ఒప్పుకున్నాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా మాట తిరగదు. అందుకే చెయ్యి పెట్టకముందే చెప్పాలి. కాశయ్య కాలు తొక్కుతున్నా మదార్ సాబ్ చెప్పేశాడు.

భీమన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మా ఊర్ల కూతెక్కడిది! గని నీ నోటితోని నువ్వే ఒకటి చెప్తున్నవంటె, చెప్పంది ఇంకెంత పెద్దదున్నదో!"

"ఖుదా కసం, ఇంకేం లేదు పటేలా!"

"నీ ఖుదా నాకెట్ల ఎరుక?"

మదార్ సాబ్‌కు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అబద్ధమాడితే నమ్మేవాడే!

భీమన్న ఆ పక్కనే ఎద్దును అమ్మకానికి పెట్టిన చిన్నయ్య దగ్గరికి పోయాడు. "ఏ ఐబు లేదు, నిమ్మలంగ తోల్కపో" అన్నాడు చిన్నయ్య. దాని ఎడమ కంటికి పొర కమ్మిందని సంతలో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు.

"పటేలా, దాని ఎడమ కన్ను సూడు!" అని అరిచాడు మదార్ సాబ్.

"తనది అమ్ముడుపోలేదని కడుపుమంట" అని నవ్వుతూ భీమన్న తువాలు కింద చెయ్యి పెట్టాడు. వేళ్లు కలిశాయి. బేరం కుదిరిపోయింది.

అంతలో ఫ్యాక్టరీ కూసింది. మదార్ సాబ్ ఎద్దు నడి సంతలో కాళ్లు ముడిచి కూలబడింది.

భీమన్న దాన్ని చూశాడు. తర్వాత తను కొన్న ఎద్దు ఎడమ కంటి ముందు మెల్లగా చెయ్యి ఆడించాడు. అది రెప్ప కొట్టలేదు.

"నిజమే చెప్పినవా సాయిబూ" అన్నాడు.

"రెండుసార్లు చెప్పిన!" అన్నాడు మదార్ సాబ్. కూలబడ్డ ఎద్దు పలుపు పట్టి కసిగా లాగాడు. అది లేవలేదు.