రెండు నిమిషాల డేరా

"అట్ల కాదండీ, తలుపు పక్కనుంచి మడవాల. వీడియోలో ఆ పిల్లోడు అదే కదా చేసింది" అంది స్మిత.

"ఆ పిల్లోడు చేసినట్లే చేస్తా ఉండాను. నువ్వు గమ్మున ఆ కొన పట్టుకో" అన్నాడు సుధీంద్ర.

పొద్దున కాఫీలప్పుడు మొదలైన వాదన, ఎండ పెరటిగోడ దిగేదాకా సాగుతూనే ఉంది. సంచిలోంచి తీసి విసిరితే చాలు, నారింజరంగు టెంటు గాలిలోనే విచ్చుకుని ఒక గది అయి కూర్చుంది. రెండు నిమిషాలని సంచి మీద రాశారు గాని అంత కూడా పట్టలేదు. మడవడమే వాళ్ళ తరం కావడం లేదు. ఒక పక్క అదిమి పట్టుకుంటే ఇంకో పక్క ఎగిరి లేస్తోంది. ఒకసారి లోపలి కడ్డీ లేచి సుధీంద్ర చెంప మీద కొట్టింది కూడా.

మెట్టు మీద కూర్చున్న మధుర పగలబడి నవ్వింది. "అప్పా, నువ్వు దాన్ని మడవల్య. అదే నిన్ను మడుస్తా ఉండాది!"

"నవ్వు, నవ్వు. దీన్ని వాపస్ పంపించేస్తాను చూడు. మడవను రాని డేరా ఎందుకు మనకి?"

"వాపస్ పంపాలన్నా మడవాల్సిందే కదా" అంది స్మిత. "వద్దండీ, ఉంచుకుందాం. బాగుండాది. నేర్చుకుంటే అదే వస్తుంది."

ఉంచుకుందామని పట్టుబట్టింది స్మితే. తరవాత ఎన్నోసార్లు ఆమెకు ఆ మాట గుర్తొచ్చింది.

వాళ్ళుండేది ఉరిగాంలో, బంగారు గనుల కంపెనీ కట్టిన పాత క్వార్టర్సులో. సుధీంద్ర తండ్రి అచ్యుతరావు కంపెనీ లెక్కల ఆఫీసులో గుమాస్తా. గనులు మూతపడ్డాక కూడా ఆయన ఆ ఇల్లు వదల్లేదు. పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు భార్య భాగీరథమ్మ, కొడుకు, కోడలు, మనవరాలు ఉంటున్నారు. సుధీంద్రది బెంగళూరు కంపెనీ ఉద్యోగం. వారానికి రెండు రోజులు రైల్లో పోయి వస్తాడు, మిగతా రోజులు వెనక వసారాలో అద్దాల తడిక కట్టించుకుని అక్కడే పని చేసుకుంటాడు. ఇంట్లో చిక్కంతా ఆ వసారా దగ్గరే మొదలైంది.

నెలలో మూడు రోజులు స్మిత బయట కూర్చునేది ఆ వసారాలోనే. బడిలో అరవై మంది పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చి, ఇంట్లో వేరే చాప, వేరే గ్లాసుతో గడప ఇవతల ఉండేది. వసారా ఆఫీసు అయ్యాక ఆమెకు చోటు లేకుండా పోయింది. మంచిదే, ఈ వంకతోనైనా ఆ పద్ధతి పోతుందనుకుని గదిలోనే పడుకుంది. భాగీరథమ్మ ఒక్క మాట అనలేదు. అన్నం మాత్రం మానేసింది. మూడు రోజులూ అరటిపండు, తాను కాచుకున్న పాలు, అంతే. ఒకసారి బీపీ మాత్ర ఖాళీ కడుపున వేసుకుని దేవుడి గూటి ముందు పడిపోయింది. ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు సుధీంద్ర స్మితకేసి చూసిన చూపు ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

తన సంగతి ఎలా పోయినా సరే అనుకుంది స్మిత. మధురకు పదమూడు నిండుతున్నాయి. నేడో రేపో పెద్దదవుతుంది. ఆ పిల్లను మాత్రం గడప బయట కూర్చోబెట్టకూడదు. ఆ మాట సుధీంద్ర నోటినుంచి రావాలి. ఈ ఇంట్లో, తల్లి వినేచోట, అతని నోట ఆ మాట రాదు. అందుకే ఈ ప్రయాణం. తన బడిలోనే పనిచేసే జయరాం సారుకు రాయల్పాడులో మామిడితోట ఉంది. రెండో శనివారం కారులో పోయి, కారు పక్కనే డేరా వేసుకుని, ఒక రాత్రి చెట్ల కింద ఉండి రావాలని. మధుర పడుకున్నాక చల్లగా మాట్లాడి, అతని దగ్గర మాట తీసుకోవాలని.

అందుకే ఆ టెంటును అంత శ్రద్ధగా పరీక్షించింది. ముందురోజే లోపల ముగ్గురూ కాళ్ళు చాపుకుని పడుకుని చూశారు. రెండు బిందెల నీళ్ళు పైన గుమ్మరించారు. నేల రాయిలా ఉండడంతో టెంటుతో వచ్చిన మేకులు వంకర పోయాయి. సుధీంద్ర పెరట్లో తుప్పుపట్టి పడి ఉన్న పాత గని డ్రిల్లు కడ్డీలు తెచ్చి, తాళ్ళు వాటికి కట్టాడు.

భాగీరథమ్మ తులసికోటకు నీళ్ళు పోసి, తడి చెంబుతోనే ఇటు వచ్చింది. ఆమె వచ్చి చూడడమే విశేషం. స్మిత సంతోషంగా కొన వదిలేసి జిప్పు తెరిచి చూపించింది.

"దీంట్లో గాలి ఆడుతుందా?"

"ఆడుతుందత్తా. చూడండి, రెండు పక్కలా దోమతెర ఉండాది."

"వాన వస్తే?"

"నిన్న నీళ్ళు పోసి చూసినాము. చుక్క దిగలే."

"పురుగూ పుట్రా?"

"జిప్పు వేస్తే చీమ గూడా దూరదు. అడుగు గూడా దీంతోనే కలిపి కుట్టినారు."

అంగట్లో చీరలు చూపించేవాడిలా ఒక్కొక్క గుణమూ విప్పి చెప్పింది స్మిత. భాగీరథమ్మ వంగి లోపలికి చూసింది. అడుగు గుడ్డ నొక్కి చూసింది. ఆమె ముఖం మెత్తబడింది.

"మేము కట్టెల షెడ్డులో ఉంటిమి తల్లీ. ఒకతూరి తేలు కుట్టింది. అరిస్తే మీ మామ కిటికీలో నుంచి టార్చిలైటు వేసినాడే గాని గడప దాటి రాలే. రాకూడదు కదా ఆయన." డేరా గుడ్డను అరచేత్తో నిమిరింది. "దేవుడు దారి చూపించినాడు. చోటు లేదని ఇన్నాళ్ళు నీకూ బాధే, నాకూ బాధే. ఇంగ నువ్వు ఈ డేరాలో హాయిగా ఉండొచ్చు."

స్మిత భర్త వైపు చూసింది. అతను తల్లి వైపు చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం లేదు, సిగ్గు లేదు. చాలాకాలం మోసిన బరువు దింపుకున్నవాడి నెమ్మది ఉంది. చేతిలో అదిమి పట్టుకున్న మడత వదిలేశాడు. టెంటు మళ్ళీ లేచి నిలబడింది.

వారం తిరక్కుండానే స్మిత బయటయింది. ఆ సంగతి తెలిసేసరికే డేరాలో చాప, దిండు, ఒక చెంబు అమర్చి ఉన్నాయి. ఎండ తగలకుండా పైన తడిపిన గోనె కూడా కప్పింది భాగీరథమ్మ.

"ఈ ఒక్కసారికీ ఉండు స్మితా" అన్నాడు సుధీంద్ర, గొంతు తగ్గించి. "అమ్మ తింటాది. ఎట్లయినా మనం వాడి చూడాల్సిందే కదా, తోటకి పోయే ముందర. నువ్వు ఇప్పుడు పేచీ పెట్టుకుంటే రెండో శనివారం పొద్దున అమ్మ తిండి మానేసి పడుకుంటాది. ఇంగ యాడ పోతాము మనం?"

అది నిజమే. ప్రయాణం చెడకూడదని స్మిత డేరాలోకి పోయింది.

మూడు పొద్దులూ సుధీంద్ర కాఫీ గ్లాసు గడప దగ్గర పెట్టి అడిగాడు. "లోపల చెమ్మ పట్టిందా? నడుము నొచ్చిందా? గాలికి చప్పుడు చేస్తా ఉండాదా?" ఆమె చెప్పింది. తెల్లవారుజామున గుడ్డకు లోపలివైపు చెమ్మ పడుతోంది. గని మట్టి పోసిన సైనైడు దిబ్బల మీదినుంచి గాలి తిరిగితే తెల్లటి దుమ్ము దోమతెరలోంచి వచ్చి చాప మీద పడుతోంది. నాలుగో రోజు తలస్నానం చేసి ఆమె లోపలికి వచ్చేసరికి అతను ఫోన్లో టైపు చేసి, అందరికీ వినిపించేలా చదివాడు. "మా కుటుంబం మూడు రాత్రులు వాడి చూసింది. చాలా సౌకర్యంగా ఉంది. పెద్దవాళ్ళకు కూడా నచ్చింది. మడవడం ఒక్కటే కష్టం." తలెత్తి, "నాలుగు స్టార్లు ఇచ్చినాను" అన్నాడు.

"మడిచేది వస్తే అయిదు ఇచ్చుంటిరేమో" అంది స్మిత. అతనికి వెటకారం తగల్లేదు.

వసారాలో కూర్చున్నన్నాళ్ళూ ఆ సంగతి నాలుగు గోడల మధ్యే ఉండేది. నారింజరంగు డేరా అయితే వీధి చివరినుంచి కూడా కనపడుతుంది. ఆ మూడు రోజుల్లోనే పక్కింటి ఫిలోమినా గోడ మీదినుంచి పలకరించింది.

"ఏం స్మితక్కా, డేరా వేసినారే! సర్కస్ వచ్చినాదా ఇంట్లోకి?"

"ఊరికే, పిల్ల అడిగిందని."

"మా జూలీ గూడా అడుగుతా ఉండాది, నేనూ పండుకుంటానని. పంపిద్దునా?"

స్మిత గతుక్కుమంది. ఫిలోమినా ఆమె చేతిలోని వేరు గ్లాసును చూసింది, విడిగా ఆరేసిన చాపను చూసింది. నవ్వు ఆపేసి, "పొయ్యి మీద చారు ఉండాది, వస్తానక్కా" అని దిగిపోయింది. ఆ దిగిపోవడమే ఎక్కువ నొప్పించింది. మర్నాడు జూలీ మధురను వీధిలో అడిగిందట, మీ అమ్మకు ఏం జబ్బని. మధుర చెప్పలేదు. కంచంలో సగం వదిలేసినప్పుడు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

స్మిత పట్టుదలగా మడవడం నేర్చుకుంది. వంటయ్యాక రోజూ పెరట్లోకి పోయి కుస్తీ పట్టేది. మోకాలితో నొక్కి, రెండు చేతులా మెలిపెట్టి, మూడు చుట్టలుగా ఒకదాని మీద ఒకటి వచ్చేదాకా. రెండో శనివారం పొద్దున ఒక్కతే మడిచింది. సంచిలో పెట్టి, పట్టీ బిగించి, కారు డిక్కీలో పులిహోర డబ్బా పక్కన పెట్టింది. మధుర చప్పట్లు కొట్టింది. "అమ్మా, నిన్ను వీడియో తీసి పెట్టాల్సింది!"

భాగీరథమ్మ గుమ్మంలోకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"సుధీ, ఆ డేరా కారులోనా పెట్టినారు?"

"అవునమ్మా."

"అది మైల డేరా కదప్పా. మూణ్ణాళ్ళు బయటుండిన చోటు. దాని పక్కనే అన్నం పెట్టినారే! ఆ కారులోనే కదా నన్ను కురుడుమలె వినాయకుని గుడికి పిలుచుకొని పోయేది? దాంట్లో పండుకొని వచ్చి మళ్ళా నా దేవుని గూటి ముందర తిరుగుతారా?"

"కడిగినానత్తా. మూడుసార్లు నీళ్ళు పోసి కడిగినాను" అంది స్మిత.

"గుడ్డ కడగొచ్చు తల్లీ. మైల చోటని దానికి పేరు పడిపోయింది కదా. మీరు పోండి, నేను వద్దనను. వచ్చినాక నా తిండి సంగతి నేను చూసుకుంటాను."

సుధీంద్ర కాసేపు కారు తాళాలు చేతిలో ఆడించాడు. తరవాత డిక్కీ తెరిచి సంచి బయటికి తీశాడు. గోడ పక్కకు మోసుకుపోయి పట్టీ విప్పాడు. డేరా ఎగిరి లేచి, మునుపటి చోటే నిలబడింది.

"ఇంకోటి కొందాంలే. తోట యాడికీ పోదు" అన్నాడు.

స్మిత అతని వెనకే పోయింది. తోటలో అడగాలనుకున్న మాట గోడ పక్కన, చేతులు పులిహోర వాసన వేస్తుండగా అడిగింది. "ఒక్క మాట చెప్పండి. మధురను మాత్రం ఇట్ల కూర్చోబెట్టేది లేదని. అంతే. ఇంగ ఏమీ అడగను."

"ఇప్పుడెందుకు ఆ మాట? ఇంగా కానేలేదు కదా."

"అయినాక?"

"అయినాక చూద్దాం" అన్నాడు, కారు తలుపు వేస్తూ. పులిహోర ఇంట్లోనే తిన్నారు.

వేసవి సెలవులు సగం గడిచాక, ఎన్నికల శిక్షణ ఉందంటే కోలారు పోయింది స్మిత. సాయంత్రం తిరిగి వచ్చేసరికి భాగీరథమ్మ వసారా మెట్టు మీద కూర్చుని పాత నూలుచీరతో బొంత కుడుతోంది. అంచుకు మామిడిపిందెల కుట్టు, ఎంతో నేర్పుగా.

"ఎవరికత్తా?"

"మన పిల్లకే. ఇంగ ఎన్నాళ్ళు ఉండాది? నాకు గోనెపట్ట తప్ప దిక్కు లేకపోయె. దీనికి మెత్తగా ఉండనీ అని."

స్మిత డేరా దగ్గరికి పోయింది. జిప్పు తెరిచే ఉంది. లోపల తన చాప పక్కన ఇంకో చాప పరిచి ఉంది. దాని మీద మధుర బోర్లా పడుకుని కథల పుస్తకం చదువుకుంటోంది. తల దగ్గర చిన్న లైటు, జుట్టు క్లిప్పుల డబ్బా.

"ఇక్కడేం చేస్తా ఉండావు?"

"ఊరికే, అలవాటు కావాల కదమ్మా." మధుర లేచి కూర్చుంది. "అవ్వ చెప్పింది, ఇద్దరం ఉండొచ్చంట. నాకేం భయం లేదు. నువ్వు ఒక్కదానివే ఉండొద్దులే, నేను నీ తోడు ఉంటా."

ఆ పిల్ల ఏడ్చి ఉంటే బాగుండేది. ఎందుకని ఎదురు తిరిగినా బాగుండేది. అమ్మ కష్టం సగం పంచుకుంటున్నానన్న సంతోషం దాని ముఖంలో కనిపించేసరికి స్మిత చేతిసంచి కింద పెట్టేసింది. డేరా గుమ్మంలోనే కూర్చుంది. మధుర పక్కకు జరిగి చోటిచ్చింది.

తరవాతి వారం శిక్షణ లేకపోయినా ఉందని చెప్పి ఆమె ఇంకోసారి కోలారు పోయి వచ్చింది.

ఆ రోజు రాత్రి భోజనాలకు అందరూ కూర్చున్నారు. భాగీరథమ్మ తనకు వేరుగా వడ్డించుకుంది. సుధీంద్ర మజ్జిగ కలుపుకుంటున్నాడు. స్మిత మధుర కంచంలో పెరుగు వేసి, గిన్నె కింద పెట్టింది.

"కోలారులో హాస్టలు చూసి వచ్చినాను" అంది. "పక్కనే బడి. అక్కడ చేర్చినాను మధురను. బడి తెరిచినాక అక్కడే ఉంటాది."

సుధీంద్ర చెయ్యి ఆగింది. "నన్ను ఒక్క మాట అడగల్యా?"

"గోడ పక్కన అడిగినాను కదండీ."

"ఇంట్లో ఏం తక్కువైంది పిల్లకి?" అంది భాగీరథమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు నిజమైనవే. "బొంత గూడా అయిపోవచ్చె. నువ్వు గూడా పోతావా?"

"లేదత్తా, నేను యాడికీ పోను. మీ పద్ధతి ప్రకారం బయటే ఉంటాను. మీరు వేళకి తినండి, మాత్ర వేసుకోండి."

మధుర తల్లికేసి చూసింది, తానేం తప్పు చేశానో తెలియనట్టు. స్మిత ఆ చూపును తప్పించుకోలేదు. ఎంగిలి కాని ఎడమచేత్తో కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"బడి తెరిచే సోమవారం పొద్దున బస్సుకు పోతాము" అంది, అందరికీ వినపడేటంత గొంతుతో. "నేను వదిలిపెట్టి వస్తాను."